చేదునీటి ధర

"సోమవారం పొద్దున్న ఆ కంపెనీ విలువ పన్నెండు కోట్లన్నారు. ఇవాళ బుధవారం, నాలుగు కోట్లంటున్నారు. మధ్యలో ఏం మారింది విజయ్‌కుమార్ గారూ?"

"మీకు తెలియనిదేముంది మేడమ్. సరుకు కాలవ పాలైంది. సరుకు తయారుచేసే మనిషి ఐసీయూలో ఉన్నాడు."

విజయ్‌కుమార్ టీ కప్పు పక్కకి జరిపాడు. శ్రీకాకుళంలో అతను దిగిన హోటల్ గదిలో కూర్చున్నారిద్దరూ. హైదరాబాదులోని ఒక పెట్టుబడి సంస్థలో అతను భాగస్వామి. కొత్తగా మొదలైన కంపెనీల్లో డబ్బు పెట్టి, బదులుగా వాటా తీసుకోవడం ఆ సంస్థ పని.

ఝాన్సీలక్ష్మి పన్నెండేళ్ళు పోలీసుల ఆర్థిక నేరాల విభాగంలో పనిచేసి, ఉద్యోగం వదిలేసి విజయనగరంలో సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. నిన్న ఆమెకి సింధు అనే అమ్మాయి ఫోన్ చేసింది. "మా త్రినాథ్‌ని మోసగాడంటన్నారు మేడమ్. వాడు లేచి సమాధానం చెప్పుకోలేడు. మీరు రావాలి" అంది. బతిమాలలేదు, ఏడవలేదు. ఆ గొంతు విని ఝాన్సీలక్ష్మి కేసు ఒప్పుకుంది.

సింధు, త్రినాథ్ ఇంజినీరింగు కాలేజీలో కలిసి చదువుకున్నారు. నౌపడ ఉప్పుమడుల్లో ఉప్పు తీసుకున్నాక అడుగున చేదునీరు మిగులుతుంది. దాన్ని అందరూ కాలవలోకి వదిలేస్తారు. ఆ నీటిలోంచి ఎరువులకి పనికొచ్చే మెగ్నీషియం లవణం తీసే యంత్రం వీళ్ళిద్దరూ తయారుచేశారు. 'క్షార' అని కంపెనీ పెట్టారు. విజయ్‌కుమార్ సంస్థ అందులో మూడు కోట్లు పెట్టడానికి ఒప్పుకుంది. మంగళవారం తమ నిపుణుడి ఎదుట ఒక విడత సరుకు తీసి చూపించాలన్నది షరతు. సోమవారం మధ్యాహ్నం ఆ విడతకని సిద్ధం చేసిన నీళ్ళన్నీ కాలవలోకి పోయాయి. సాయంత్రానికి త్రినాథ్ షెడ్డులోని ఖాళీ సిమెంటు తొట్టిలో తల పగిలి కనిపించాడు.

"ఒక విడత పోతే ఇంకో విడత తీస్తారు. యంత్రం అలాగే ఉంది కదా. దానికి విలువ మూడోవంతుకి పడిపోతుందా?" అంది ఝాన్సీలక్ష్మి.

"విలువంటే యంత్రం ఖరీదు కాదు మేడమ్. నమ్మకం ఖరీదు. నేను పది కంపెనీల్లో డబ్బు పెడితే ఎనిమిది మునిగిపోతాయి. ఆ ఎనిమిదింటి నష్టం మిగిలిన రెండూ తీర్చాలి. అందుకే ముందు ధర గురించి మాట్లాడతాం, తర్వాత షరతులు గట్టిగా రాసుకుంటాం. ఇందులో కక్షేమీ లేదు."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదని ఆమెకి తెలుసు.

"పాత ధరకి మీ మూడు కోట్లు కలిపితే పదిహేను, అందులో మీ వాటా ఐదోవంతు. ఇప్పుడు?"

"సగానికి కొంచెం తక్కువ."

"కొత్త షరతుల్లో ఇంకేం చేర్చారు?"

అతను టీ కప్పు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "ఫౌండర్ తప్పు వల్ల కంపెనీకి నష్టం జరిగితే అతని వాటా రద్దవుతుంది. చాలా ఒప్పందాల్లో ఉండేదే."

"పాతవాటిలో ఉందా?"

"లేదు."

"అంటే త్రినాథ్ కొత్త షరతులకి సంతకం పెట్టి, ఆ తర్వాత తప్పు అతనిదేనని మీ మనిషి రిపోర్టు రాస్తే, అతని వాటా పోతుంది. అప్పుడు మీ వాటా సగం దాటుతుంది. కంపెనీ మీదవుతుంది."

"లెక్క బాగానే చేశారు. కానీ ఇద్దరు ఫౌండర్లూ సంతకం పెడితేనే అది చెల్లుతుంది. సాయంత్రం ఐదింటిదాకా చూస్తాం."

"ఒకరికి స్పృహే లేదు. ఎవరికోసం చూస్తారు?"

విజయ్‌కుమార్ లేచి ఏసీ తగ్గించాడు. "గడువు నేను పెట్టింది కాదు మేడమ్, మా కమిటీ పెట్టింది. ఐదు దాటితే మేం వెళ్ళిపోతాం. వచ్చేనెల జీతాలెలా ఇస్తారో ఆ అమ్మాయినే అడగండి."

* * *

సింధు నౌపడ స్టేషను బయట ఎదురుచూస్తోంది. పాతికేళ్ళుంటాయి. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కారెక్కగానే, "మందులకి డబ్బులు నరసింగరావు బాబాయే కడతన్నారు మేడమ్" అంది, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

"ఎవరాయన?"

"విజయనగరంలో గోనెసంచుల షావుకారు. మాకు మొట్టమొదట డబ్బిచ్చింది ఆయనే. బ్యాంకులన్నీ తిరిగి వచ్చాం, ఎవ్వరూ కూర్చోమనలేదు. ఆయన కొట్లో కూర్చోబెట్టి, సోడా ఇప్పించి, మొత్తం విన్నారు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నారు. సోమవారం నుంచీ ఇంటికి కూడా వెళ్ళలేదు."

దారిలో స్టేషను దగ్గరి హోటల్లో ఆగి, సోమవారం త్రినాథ్ భోజనానికి ఎప్పుడొచ్చాడో ఝాన్సీలక్ష్మి అడిగి తెలుసుకుంది. షెడ్డు ఉప్పుమడుల చివర ఉంది. పోలీసులు జరిగినదాన్ని ప్రమాదంగా రాసుకుని, ఈ పొద్దున్నే తాళంచెవి సింధుకి ఇచ్చేశారు. గుమ్మం దగ్గర కూర్మమ్మ నిలబడి ఉంది. పక్క మడుల్లో పనిచేసే ఆవిడే త్రినాథ్‌ని మొదట చూసింది.

"ఏటి సూసినావో మేడమ్‌కి సెప్పు పిన్నీ," అంది సింధు.

"ఏటున్నాది సెప్పడానికి. పొద్దుగూకతంటే ఇంటికెల్తూ, బాబూ అని పిలిసినాను. రోజూ పిలుత్తాను. పలకనేదు. లోనికి తొంగి సూత్తే తొట్టిలో పడున్నాడు." కూర్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "సచ్చిపోనాడనుకున్నానమ్మా."

"అంతకుముందు ఏమైనా విన్నావా? ఎవరైనా వచ్చినట్టు గానీ?"

"మడిలో వొంగుంటే ఎవులొత్తారో ఏటి తెలుత్తాది. మోటారు ఆగిపోడం మట్టుకు తెలిసింది. అంతకుముందు మూడ్రోజుల్నుంచీ గుయ్యిమని మోగతానే ఉన్నాది. మద్దేన్నం అన్నం తింటంటే ఆగిపోయింది. కరెంటు పోనాదేమో అనుకున్నాను."

"అప్పుడు త్రినాథ్ షెడ్డులో ఉన్నాడా?"

"నేడు. స్టేసను కాడ హోటల్‌కి ఎల్నాడు. ఎల్తూ నన్ను పలకరించి మరీ ఎల్నాడు. మోటారు ఆగినంక శానాసేపటికి గానీ రానేదు."

ఝాన్సీలక్ష్మి తల ఊపి లోపలికి నడిచింది.

ఒకటే గది. వెనకగోడ వారగా దిమ్మె మీద పెద్ద నీళ్ళ ట్యాంకు, దాని అడుగున కాలవలోకి పోయే పైపు, పైపుకి చక్రంలాంటి ఇనప వాల్వు. పక్కనే ట్యాంకులోని నీటిని యంత్రంలోకి తోడే మోటారు. గది మధ్యలో నిలువెత్తు లోతున్న సిమెంటు తొట్టి. త్రినాథ్ పడింది అందులోనే. తొట్టి అంచున కూర్చుని సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకుంటున్న మనిషి తలెత్తాడు.

"రండి మేడమ్. మీరొస్తారని అనుకుంటూనే ఉన్నాను."

అతను మోహనకృష్ణ. ఒకప్పుడు ఆమెతో ఒకే ఆఫీసులో పనిచేశాడు. ఇప్పుడు పెట్టుబడి సంస్థలకి విచారణ రిపోర్టులు రాసిపెడుతుంటాడు. ఈసారి విజయ్‌కుమార్ తరఫున వచ్చాడు. పొద్దున్న సింధే అతనికి తాళం తీసిచ్చి స్టేషనుకి వెళ్ళింది.

"నాలుగింటికి రిపోర్టు పంపాలి," అన్నాడు. "సింపుల్ కేసండీ. సరుకు సరిగ్గా రాలేదు. మర్నాడు నిపుణుడి ఎదుట పరువు పోతుందని కుర్రాడే నీళ్ళు వదిలేశాడు. నేలంతా తడైపోయింది. కంగారులో జారి తొట్టిలో పడ్డాడు. పాపం, చెడ్డవాడు కాకపోవచ్చు. కానీ తప్పు తప్పే."

"సరుకు బాగానే వస్తంది," అంది సింధు. "ఆదివారం నేనే పరీక్ష చేసి చూశాను."

"కంపెనీలో సగం మీది. మీ పరీక్ష ఎవరు నమ్ముతారమ్మా."

ఝాన్సీలక్ష్మి వాళ్ళ మాటలు వింటూనే వాల్వు దగ్గరికి వెళ్ళింది. చక్రం పట్టుకుని తిప్పబోయింది. కదల్లేదు.

"ఇది త్రినాథ్ ఎలా తిప్పుతాడు సింధూ?"

"తుప్పు పట్టేసింది మేడమ్. వాడు ఆ ఇనప గొట్టం దూర్చి తిప్పుతాడు. గోడకి ఆనించి ఉంది చూడండి."

చక్రానికి గొట్టం రాసుకున్న పాత గీతలున్నాయి. అవన్నీ తుప్పెక్కిపోయాయి. కొత్త గీత ఒక్కటీ లేదు. చక్రం అంచున మాత్రం నాలుగైదు పసుపచ్చని పీచులు అతుక్కుని ఉన్నాయి. ఝాన్సీలక్ష్మి ఒక పీచు తీసి వాసన చూసింది. కొత్త గోనెపట్టాకి ఉండే నూనె వాసన.

"మీ సరుకు ఏ సంచుల్లో నింపుతారు?"

"ప్లాస్టిక్ సంచుల్లో."

ఆమె ఆ పీచుల్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత మోటారు స్విచ్చు చూసింది. ఆపేసి ఉంది.

"దీన్ని పోలీసులు ఆపారా?"

"లేదు. వాళ్ళు వచ్చేసరికే ఆగి ఉందంట," అన్నాడు మోహనకృష్ణ.

"ట్యాంకు ఖాళీ అవుతుండగా మోటారు నడిస్తే ఏమవుతుంది సింధూ?"

"నీళ్ళు అందక కాలిపోతాది. మొదటి మోటారు అలాగే కాలిపోయింది. నరసింగరావు బాబాయి మళ్ళీ కొనిపెట్టారు."

ఝాన్సీలక్ష్మి మోహనకృష్ణ వైపు తిరిగింది. "విన్నావుగా. నీళ్ళు వదిలినవాళ్ళు ముందు మోటారు ఆపారు. మోటారు ఆగినప్పుడు త్రినాథ్ హోటల్లో అన్నం తింటున్నాడు. కూర్మమ్మ చెప్పింది, హోటల్‌వాళ్ళని నేను వస్తూ అడిగాను. పైగా ఈ వాల్వు తిప్పిన మనిషికి గొట్టం సంగతి తెలీదు, గోనెపట్టా చుట్టి తిప్పాడు. నీ సింపుల్ కేసులో త్రినాథ్ ఎక్కడున్నాడు?"

మోహనకృష్ణ మొహంలో నవ్వు పోయింది. ఫోను జేబులో పెట్టుకుని లేచాడు.

"సరే, ఇంకోడు వదిలాడనుకుందాం. ఎవరికి లాభమో చూడండి. ఆ షావుకారు ఇచ్చిన డబ్బు ఇంకా వాటాగా మారలేదు. పెద్ద పెట్టుబడి వచ్చిన రోజున, ఆ రోజు ధరకంటే తక్కువకి ఆయనకి వాటా ఇవ్వాలని రాసుకున్నారు. కంపెనీ విలువ ఎంత పడిపోతే ఆయన వాటా అంత పెరుగుతుంది. గోనెసంచుల వ్యాపారం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు."

సింధు రెండడుగులు ముందుకొచ్చింది. "బాబాయ్ గురించి ఇంకో మాటంటే ఊరుకోను."

"నేననడం లేదమ్మా. లెక్క అంటోంది."

"ఆయన మీద అనుమానం ఉంటే ఆయన్ని ఎందుకు అడగలేదు?" అంది ఝాన్సీలక్ష్మి.

"నన్ను రాయమన్నది ఫౌండర్ గురించి."

"నువ్విలా ఉండేవాడివి కాదు మోహన్."

అతను గుమ్మం దగ్గర ఆగాడు. "మీరు ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోగలిగారు మేడమ్. అందరికీ కుదరదు," అని వెళ్ళిపోయాడు.

ఝాన్సీలక్ష్మి ఇంకాసేపు ఉండిపోయింది. వాల్వు కింద నేల మీద వేలు పెట్టింది. జిగటగా తడి తగిలింది. అక్కణ్ణుంచి తొట్టి దాకా నేలంతా చేత్తో తడుముతూ వచ్చింది. తొట్టి చుట్టూ పొడి దుమ్ము.

"సింధూ, ఈ చేదునీరు నేల మీద పడితే ఎన్నాళ్ళకి ఆరుతుంది?"

"ఆరదు. గాల్లో తేమని లాక్కుని అలా తడిగానే ఉంటాది. నీళ్ళు పోసి కడిగితేనే పోతాది."

"సోమవారం నుంచి ఎవరైనా కడిగారా?"

"తాళం పోలీసుల దగ్గరే ఉంది కదా. ఎవరు కడుగుతారు?"

ఝాన్సీలక్ష్మి లేచింది. చేతులు దులుపుకుని, "పద, ఆస్పత్రికి" అంది.

* * *

ఐసీయూ అద్దాల తలుపు ఎదురుగా బెంచీ మీద నరసింగరావు కూర్చుని ఉన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. తెల్లచొక్కా నలిగిపోయింది. సింధుని చూడగానే, "ఏటైనా తిన్నావేటమ్మా?" అన్నాడు.

"తిన్నాను బాబాయ్," అని అబద్ధం చెప్పి ఆమె అద్దంలోంచి లోపలికి చూసింది. త్రినాథ్ తలకి కట్టు, ముక్కుకి గొట్టం. రెండు రోజుల్లో సగమైపోయినట్టున్నాడు.

ఝాన్సీలక్ష్మి నరసింగరావు పక్కన కూర్చుంది. తనెవరో చెప్పింది. తర్వాత కాగితం విప్పి ఆ పీచులు చూపించింది. ఏమీ అడగలేదు.

ఆయన వాటిని చూశాడు. ఒక పీచు తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"కొత్త సంచులమ్మా," అన్నాడు చివరికి. "వాళ్ళ కంపెనీ పేరు అచ్చేయించి నమూనాకి నాలుగు కుట్టించాను. వాళ్ళ సరుకు నా సంచుల్లో వెళ్ళాలని నా ఆశ. అవి చూపిద్దామనే వంక పెట్టుకుని సోమవారం ఎల్లాను. పట్టుకు తిప్పితే చక్రం రాలేదు. సంచి చుట్టి తిప్పాను."

సింధు తలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది.

"బాబాయ్, ఏటంటన్నారు మీరు?"

"నేనేనమ్మా. మోటారు ఆపి, నీళ్ళు వదిలీసాను."

"ఎందుకు?"

"సంతకాలు పెట్టీస్తారని." ఆయన పీచుల కాగితాన్ని మళ్ళీ మడిచాడు. "ఆ కాయితాలు మా ఆడిటరు చేత చదివించాను. కంపెనీ ఎప్పుడమ్మినా సరే, ముందు వాళ్ళు పెట్టినదానికి రెండింతలు వాళ్ళకంట. ఆ తరవాత మిగిలినదాంట్లో మళ్ళీ వాటా అంట. పండిన పంటలో ముందు నా పెట్టుబడికి రెండింతల గింజలు కొలిచీ, తరవాత మిగిలిన రాశి పంచుకుందామంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడేటి? ఆ కుర్రోడికి సెప్పాను. పన్నెండు కోట్లు ధర కట్టారు బాబాయ్ అని మురిసిపోనాడు. ధర సూసాడు గానీ, షరతు సూడలేదు."

"మేం చూశాం," అంది సింధు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "మాకు తెలుసు బాబాయ్. రెండు రాత్రులు దానిమీదే మాట్లాడుకున్నాం. తగ్గించమని అడిగాం, ఒప్పుకోలేదు. ఈ డబ్బు రాకపోతే రెండు నెలల్లో షెడ్డు మూసెయ్యాలి. మూసేసిన కంపెనీలో వాటా ఎంతుంటే ఏం? అందుకని ఒప్పుకున్నాం. మీకు చెప్తే బాధపడతారని వాడు చెప్పలేదు. మురిసిపోతున్నట్టు నటించాడు."

నరసింగరావు చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"నేను మా బజారులో నలుగురు షావుకార్లని అడిగాను," అన్నాడు మెల్లగా. "తలో కొంత వేస్తామన్నారు. కొంచెమే, కానీ మన డబ్బు. ఈ విడత తప్పిపోతే వాళ్ళు ఎల్లిపోతారు, అప్పుడు మీకు సెబుదామనుకున్నాను. వాళ్ళు ఎల్లలేదు. ధర దించీసి కూకున్నారు. అదీ నా వల్లే. ఆ కుర్రోడు నా నీళ్ళల్లో జారి పడిపోనాడు. అదీ నా వల్లే. వాడు కళ్ళు తెరిస్తే సెప్పీసి పోలీసుల కాడికి ఎల్దామని ఇక్కడే కూకున్నాను."

సింధు గోడకి ఆనుకుంది. ఆమె ఏమంటుందో అని ఝాన్సీలక్ష్మి చూసింది. ఆ అమ్మాయి వచ్చి, ఆయనకి అవతలి పక్కన బెంచీ మీద కూర్చుంది. కొంచెం దూరంగానే కూర్చుంది, కానీ కూర్చుంది.

"నరసింగరావు గారూ," అంది ఝాన్సీలక్ష్మి. "మీరు చేసింది తప్పే. దానికి జవాబు చెప్పుకోవాలి. కానీ త్రినాథ్ మీ నీళ్ళలో జారలేదు."

ఆయన తలెత్తాడు.

"మీరు వదిలిన నీళ్ళు పైపులోంచి నేరుగా కాలవలోకి పోయాయి. వాల్వు కింద నాలుగు చుక్కలు కారాయి, అవి ఇప్పటికీ తడిగానే ఉన్నాయి. తొట్టి చుట్టూ నీళ్ళు పడి ఉంటే అక్కడా తడి ఉండాలి. దుమ్ము ఉంది. పొడి నేల మీద, రోజూ తిరిగే చోట, పట్టపగలు ఆ అబ్బాయి తనంతట తను పడలేదు. మీరెళ్ళిపోయాక ఇంకొకరు వచ్చారు."

ఆయన రెండు రోజులుగా మోస్తున్న బరువు కాస్త దిగీ దిగగానే భయం ఆ చోట్లోకి వచ్చి కూర్చుంది.

"ఎవరు మేడమ్?" అంది సింధు.

"తెలీదు. దేనికోసమో కూడా తెలీదు. డబ్బు, వాచీ ఒంటిమీదే ఉన్నాయన్నావు కదా."

"ఉన్నాయి. ఫోనే దొరకలేదు. కాలవలో పడి ఉంటాదన్నారు ఎస్సై గారు."

ఆ మాట పూర్తవుతుండగానే సింధు చేతిలో ఫోను చిన్నగా మోగింది. ఆమె చూసి, అర్థం కానట్టు మళ్ళీ చూసింది. తర్వాత ఫోనుని ఝాన్సీలక్ష్మి చేతికిచ్చింది.

కొత్త షరతుల ఒప్పందం తాలూకు సందేశం అది. త్రినాథ్ డిజిటల్ సంతకం పూర్తయిందనీ, ఇక సింధు సంతకం ఒక్కటే మిగిలి ఉందనీ ఉంది. సంతకం జరిగి ఐదు నిమిషాలు కాలేదు.

ముగ్గురూ ఒక్కసారే అద్దంలోంచి లోపలికి చూశారు. త్రినాథ్ కదలకుండా పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా ఉంది.

"ఆ ఫోను తెరవాలంటే ఏం కావాలి?" ఝాన్సీలక్ష్మి గొంతు తగ్గించి అడిగింది.

"వాడి వేలిముద్ర. ఒకసారి తెరిస్తే, తర్వాత ఎక్కణ్ణుంచైనా సంతకం పెట్టొచ్చు."

ఝాన్సీలక్ష్మి తలుపు తోసి, లోపలున్న నర్సుని పిలిచింది. "ఇందాక ఈ పేషెంటు దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"వాళ్ళన్నయ్య వచ్చారు కదండీ," అంది నర్సు. "మాస్కు పెట్టుకుని. తమ్ముడి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నారు. మీరు రావడానికి కాస్త ముందు, ఈ పెద్దాయన మందులకని కిందికెళ్ళినప్పుడు."

"త్రినాథ్‌కి అన్నయ్య లేడు," అంది సింధు.

"నన్ను కౌంటరులో పిలుస్తన్నారని ఎవరో కుర్రోడు వచ్చి సెప్పాడమ్మా," అన్నాడు నరసింగరావు. "ఎల్తే ఎవరూ పిలవలేదన్నారు."

సింధు ఫోను మళ్ళీ మోగింది. ఈసారి కాల్. తెర మీది పేరు ఆమె ఝాన్సీలక్ష్మికి చూపించింది.

త్రినాథ్.

"ఎత్తు. స్పీకర్ వద్దు, ఇద్దరం వింటాం," అని ఝాన్సీలక్ష్మి తన చెవి ఆనించింది.

అవతల మగగొంతు. తొందర లేదు, కోపం లేదు. బ్యాంకులోంచి గుర్తుచెయ్యడానికి చేసిన ఫోనులా ఉంది.

"సింధు గారూ, మీ ఫ్రెండు పని అయిపోయింది. ఇక మీది ఒక్కటే. ఐదింటిలోగా పెట్టెయ్యండి. లోపలున్నవాడికి ఇవాళే కొత్త సెలైన్ పెట్టారు, గమనించారా? అందులో ఏం కలుస్తుందో నా చేతిలో ఉంది."

సింధు అద్దంలోంచి సెలైన్ సీసా వైపు చూసింది.

"ఇంకోటి. పక్కన మీ చెవి దగ్గర చెవి పెట్టి వింటున్న ఆవిడని కాస్త దూరంగా కూర్చోమనండి. మన మాటల్లోకి ఆవిడ వద్దు."

ఫోను ఆగిపోయింది.

ఝాన్సీలక్ష్మి మెల్లగా తలెత్తింది. వరండా నిండా జనం. అన్నం క్యారియర్లు పట్టుకున్నవాళ్ళు, స్ట్రెచర్ తోస్తున్నవాళ్ళు, మెట్ల దగ్గర ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డవాళ్ళు. సగం మంది మొహాలకి మాస్కులున్నాయి. వాళ్ళలో ఎవరో ఒకడు తమనే చూస్తున్నాడు.

ఆమె ఎవరి వైపూ వేలు చూపలేదు, ఎవరినీ పిలవలేదు. గబగబా ఐసీయూలోకి వెళ్ళి, నర్సు వద్దంటున్నా వినకుండా త్రినాథ్ చేతికి ఎక్కుతున్న సెలైన్ ఆపేసింది.